బిజిలి నిలబడిన రోజులు

ఏప్రిల్ 7, సోమవారం

నిన్న నవమి ఊరేగింపు. రాములవారి ముందు మా గుర్రం బిజిలి చక్కగా నడిచింది. మెడలో వేసిన బంతిపూల దండ సగం తానే తినేసింది. పిల్లలు నవ్వారు.

తమ్ముడు నడిపయ్య అలసిపోయి వచ్చి తాడు సరిగా ముడి వేయలేదు. పొద్దున దీపం పెట్టి బయటికి వస్తే కొట్టం ఖాళీ. ఎదురింటి లక్ష్మీనర్సయ్య రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్నల కుప్పలో మూతి పెట్టి నిలబడి ఉంది బిజిలి. ఎప్పటి నుంచి తింటోందో ఎవరూ చూడలేదు. కుప్ప ఒక పక్క గుంట పడింది.

నాకు తల కొట్టేసినట్టయింది. లక్ష్మీనర్సయ్య మాత్రం నవ్వాడు.

"ఊకో నీలక్కా. పెండ్లిళ్లల్ల తిరిగి తిరిగి దానికి పెండ్లి బువ్వ అలవాటైంది. గిన్ని మక్కలు తింటే నా ఇల్లేమన్న మునుగుతదా?"

"గిన్ని కాదు కాకా, కసితోని తిన్నది. రాత్రి బెల్లం పెట్టలేదని నా మీద కోపం దానికి," అన్నాడు నడిపయ్య.

కడుపు ఉబ్బుతుందేమోనని సాయంత్రం దాకా చూశాం. ఉబ్బలేదు. శివయ్య దయ.

ఏప్రిల్ 8, మంగళవారం

బిజిలి బాగానే ఉంది. కొంచెం మందకొడిగా ఉంది, అంతే. ఎండలు.

ఏప్రిల్ 9, బుధవారం

అంగన్‌వాడీలో పని ముగించుకుని వచ్చేసరికి నడిపయ్య కొట్టం ముందు కూర్చుని ఉన్నాడు. బిజిలి బయటికి రానంటోంది. ముందు కాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. వెనక్కి పడిపోబోతూ ఆగినట్టుంది. ఒక కాలు ఎత్తుతుంది, దించుతుంది, రెండోది ఎత్తుతుంది. గిట్టల మీద చెయ్యి పెడితే కాలుతున్నాయి.

"నిన్న రాయి గుచ్చుకున్నట్టుందక్కా," అన్నాడు. లాడాలు విప్పి చూశాడు. రాయి లేదు.

లక్ష్మీనర్సయ్య భార్య ఆశమ్మ ఈ ఏటి కొత్త పసుపు తెచ్చింది. ఆముదంలో కాచి, వేడివేడిగా గిట్టలకు పట్టించి, పైన గోనెపట్ట కట్టాం. మనుషులకైనా ఎడ్లకైనా మా ఊళ్లో దెబ్బకు పసుపే. పసుపు ఇంటింటా ఉంటుంది, వైద్యం కూడా ఇంటింటా ఉంటుంది.

"ఎంత వేడి ఓర్చుకుంటే అంత గుణం," అంది ఆశమ్మ.

బిజిలి కాలు లాక్కుంది. నడిపయ్య దాని మెడ పట్టుకుని చెవిలో ఏదో చెప్పాడు. అప్పుడు ఊరుకుంది.

ఏప్రిల్ 10, గురువారం

పసుపు కట్టాం. రెండు పూటలా.

ఏప్రిల్ 11, శుక్రవారం

పసుపు కట్టాం. కాస్త నయం అనిపిస్తోంది.

ఏప్రిల్ 12, శనివారం

నయం లేదు. నిన్న ఎందుకు అట్లా రాశానో.

హనుమాన్ జయంతి. గుడికి పోయి తమలపాకుల పూజ చేయించాను. వచ్చేసరికి వీధిలో ఎవరో పోరగాళ్లు నడిపయ్యను ఆట పట్టిస్తున్నారు. "ఊరందర్ని గుర్రమెక్కించినవ్ నడిపన్నా, నువ్వెప్పుడు ఎక్కుతవే?" ఎప్పటి మాటే. ఎప్పుడూ, "నా పెండ్లాం కొట్టంలనే ఉంది పోరా," అని నవ్వేవాడు. ఇవాళ తల వంచుకుని కొట్టంలోకి పోయాడు.

చెల్లెలు విజయశ్రీ డిచ్‌పల్లి నుంచి ఫోన్ చేసింది. పశువుల డాక్టరుకు చూపించమంది. చూపిస్తాం అన్నాను. సోమవారం దాకా చూద్దాం అనుకున్నాం.

ఏప్రిల్ 14, సోమవారం

ఇది నిదానంగా రాయాలి.

తెల్లవారుజామున చెప్పులు లేకుండా శివయ్య గుడి ఉన్న సిద్ధుల గుట్ట ఎక్కాను. దీపం వెలిగించి మొక్కుకున్నాను. బిజిలి మునుపటిలాగా నడిచేదాకా ప్రతి సోమవారం ఇట్లాగే వస్తాను స్వామీ అని. దిగి ఇంటికి వచ్చాను. వాకిట్లో బిజిలి నడుస్తోంది.

తాడు వదులుగా పట్టుకుని నడిపయ్య దాన్ని తిప్పుతున్నాడు. కుంటు లేదు. ఉన్నా లేనట్టే. నన్ను చూసి చెవులు నిక్కబెట్టింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"నువ్వటు పోంగనే నరేష్‌ని పిలిచినక్కా. సూది ఏసిండు. గంటలోపల్నే నడిచింది," అన్నాడు.

నరేష్ ఇక్కడ ఆవులకు, బర్రెలకు సూదులు వేస్తుంటాడు. నొప్పి సూది అట. సరే. సూది వేసింది నరేషే. గుణం ఎవరు ఇచ్చారో నాకు తెలుసు.

ఏప్రిల్ 16, బుధవారం

అంకాపూర్ పెళ్లి ఎల్లుండి. నడిపయ్య రెండు నెలల కింద మాటిచ్చాడు. పెళ్లివాళ్లు మంచివాళ్లు.

నాయన టాంగా నడిపే రోజుల నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. గుర్రం వాకిలి దాటాలంటే ఇంటి పెద్ద ఆడమనిషి మాట కావాలి. కొనడం, అమ్మడం, జోడు కట్టించడం, ఏదైనా. అప్పుడు నాయనమ్మ, తర్వాత అమ్మ. అమ్మ పోయాక నేను. నడిపయ్యకు నలభై ఎనిమిదేళ్లొచ్చాయి. అయినా ఇవాళ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏం చేద్దామక్కా?"

"నీకేమనిపిస్తుంది?"

"ఇంకో సూది ఏస్తే మస్తుగ ఆడుతదంటుండు నరేష్. నాకైతే జర బుగులైతుంది."

దేవుడు నడిపించిన గుర్రాన్ని మనం ఎందుకు కట్టేయాలి అనిపించింది. తీస్కపో అన్నాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

సాయంత్రం బొట్టు పెట్టి పంపాను. వీపు మీద ముత్యాల జూలు గుడ్డ కప్పితే పెళ్లికూతురిలా ఉంది. ట్రాలీ ఎక్కేటప్పుడు ఒక్క క్షణం వెనకాడింది. తర్వాత ఎక్కింది.

ఏప్రిల్ 19, శనివారం

తెచ్చారు.

ఏప్రిల్ 20, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

నడిపయ్య చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బరాత్ ఊరేగింపు సగం దాకా బాగానే పోయింది. పెళ్లికొడుకు దోస్తులు బ్యాండువాళ్లను ఒకచోట ఆపి ఆడిస్తున్నారు. బ్యాండు దరువు మారగానే బిజిలికి అలవాటే గదా, ముందు కాళ్లు ఎత్తి ఎత్తి వేసింది. అందరూ ఈలలు వేశారు. ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్కకు తూగింది. పెళ్లికొడుకును దించుకున్నారు. అది రోడ్డు మీద మెల్లగా కూర్చుంది. పడలేదట. కూర్చుందట.

"మనిషి కూసున్నట్టే కూసున్నదక్కా," అన్నాడు. అదే మాట మూడుసార్లు అన్నాడు.

పెళ్లివాళ్లు పాపం ఒక్క మాట అనలేదు. పదిమంది కలిసి ట్రాలీలోకి ఎక్కించారు. పెళ్లికొడుకు తల్లి వచ్చి దాని నుదుటి మీద చెయ్యి వేసి పోయిందట.

ఏప్రిల్ 21, సోమవారం

గుట్ట ఎక్కి వచ్చాను. దిగేటప్పటికే రాయి కాలుతోంది. ఆశమ్మ చూసి, "గుర్రానికి బదులు నువ్వు కుంటుతున్నవ్ నీలక్కా," అంది. ఏదో నవ్వించాలని.

మధ్యాహ్నం పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ సౌమ్య వచ్చింది. చిన్న పిల్ల, విజయశ్రీ బిడ్డ వయసు ఉంటుంది. చాలాసేపు కాళ్లు చూసింది. గిట్టల పైన నరం దగ్గర వేలు పెట్టి కళ్లు మూసుకుంది. ఒక పనిముట్టుతో అరికాలు మెల్లగా నొక్కింది. బిజిలి వణికింది.

"మక్కలు తిన్నదా?" అని అడిగింది.

చెప్పాం. పసుపు సంగతీ చెప్పాం. వేడిగానా అంది. వేడిగానే అన్నాను. ఆ పిల్ల చేతిలోని పనిముట్టు కింద పెట్టింది. "మొదటి రెండ్రోజులు గిట్టలు ఐసుల పెట్టి ఉంచాలమ్మా," అంది తర్వాత. తిట్టినట్టు అనలేదు. ఒక తట్టెడు ఐసు. చేపల అంగడి మా వీధి చివరే.

తర్వాత మట్టిలో పుల్లతో గీసి చూపించింది. గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. గిట్ట గోడకు అతుక్కుని ఉంటుంది. ఆ అతుకు ఊడింది. ఎముక మొన కిందికి తిరిగి అరికాలిని నొక్కుతోంది. బరాత్‌లో ఎగిరినప్పుడు ఇంకా తిరిగింది. రెండు కాళ్లలోనూ.

"సూది ఏస్తే మంచిగ నడిచింది గదమ్మా," అన్నాడు నడిపయ్య.

"నొప్పి తెల్వకుంట చేసింది సూది. లోపల జబ్బు అట్లనే ఉండె. నొప్పి ఉంటే అదే ఆగేది, నడవకపోయేది."

నేను నేల వైపు చూశాను.

రెండు దారులు చెప్పింది. ఒకటి, లోతుగా ఇసుక పోసి, గిట్టల కింద మెత్తని దిండ్లు కట్టి, గింజ పెట్టకుండా, నానబెట్టిన గడ్డి మాత్రం పెట్టి నెలలు నెలలు చూడటం. నిలబడినా ఇక పెళ్లిళ్లకు పనికిరాదు. నిలబడుతుందనీ గట్టిగా చెప్పలేనంది. రెండోది, నిద్రపుచ్చడం.

"ఎవరన్న ఒకలు చెప్పాలె," అంది.

"అక్క ఎట్లంటే గట్ల," అన్నాడు నడిపయ్య. వాడు నా వైపు చూడలేదు. బిజిలి వైపూ చూడలేదు.

వాడి ముఖం చూసి నేను ఆ రెండో మాట అనలేకపోయాను. పెళ్లి లేదు, పిల్లలు లేరు. మాళేగావ్ జాతరలో పిల్లగుర్రంగా కొని, మేక పిల్లను తెచ్చినట్టు లారీలో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు.

"చూద్దాం తల్లీ. దేవుడున్నడు," అన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇసుక వచ్చింది. కొట్టం నింపాం. చెప్పుల దుకాణం నుంచి మందపాటి రబ్బరు తెచ్చి గిట్టల ఆకారంలో కోసి కట్టాడు. డాక్టరమ్మ చూపించినట్టే కట్టాడు.

ఏప్రిల్ 24, గురువారం

పొద్దున గడ్డి తింది. కొంచెం నయం.

ఏప్రిల్ 25, శుక్రవారం

నయం.

ఏప్రిల్ 27, ఆదివారం

పడుకుని ఉంది. పడుకుంటే కాళ్లకు విశ్రాంతి కదా, మంచిదే. డాక్టరమ్మ కూడా పడుకోనివ్వమంది.

నడిపయ్య జీను, ముత్యాల జూలు, కళ్లెం అన్నీ తుడిచి సంచిలో కట్టి బ్యాండువాళ్లకు ఇచ్చి వచ్చాడు. కొట్టంలో తేమకు పాడవుతాయని కాబోలు. నేను అడగలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

గుట్ట. దీపం గాలికి రెండుసార్లు ఆరింది. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టి వెలిగించాను.

కిందికి వచ్చేసరికి నడిపయ్య గేటు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి పెట్టేశాడు. నా పాదాలు చూశాడు. తొట్టిలో నీళ్లు తెచ్చి ముందు పెట్టి, "కాళ్లు పెట్టుకో అక్కా," అన్నాడు.

పెట్టుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఏప్రిల్ 30, బుధవారం

అక్షయ తృతీయ. ఊరంతా పెళ్లిళ్లు. మూడు వైపుల నుంచి బ్యాండు. బిజిలి చెవులు అటూ ఇటూ తిప్పింది. నడిపయ్య కొట్టం తలుపుకు దుప్పటి కట్టాడు.

మే 2, శుక్రవారం

కొంచెం నయం అని రాయబోయాను.

పక్కలు ఒరుసుకుపోతున్నాయి. తుంటి దగ్గర పుండు. వేపనూనె రాశాను. ఈగలు. చీర చింపి కప్పాను.

మే 4, ఆదివారం

విజయశ్రీ వచ్చింది. చెప్పులు విప్పకుండానే కొట్టంలోకి పోయింది. బయటికి వచ్చేసరికి మనిషి ముఖం మారిపోయింది.

"పెద్దక్కా, గిదేంది?"

"చూస్తున్నం కదనే."

"ఏం చూస్తున్రు? నువ్వు మొక్కులు మొక్కు, వాడు ఇసుక పొయ్యి. నడుమ అదేం పాపం చేసింది? మీరు దాన్ని బతికిస్తలేరు, చావనిస్తలేరు."

"మెల్లగ మాట్లాడు. వాడింటడు."

"వినాలె. నడిపన్నా, నువ్వన్న చెప్పు! నోరు లేదా నీకు?"

నడిపయ్య గడ్డి నానబెడుతున్నాడు. లేవలేదు. "నువ్వు గమ్మునుండు విజ్జీ. అక్కకు తెలుసు," అన్నాడు.

"అక్కకేం తెలుసు? చీమను గూడ పక్కకు జరిపి ఊడ్చే మనిషి. ఆమెతోని అయితదా? డాక్టర్‌కు నేను చేస్త ఫోన్."

"చెయ్యకు," అన్నాడు. గట్టిగా అన్నాడు. వాడు చెల్లెలి మీద గొంతు ఎత్తడం నేను చూడలేదు.

అన్నం తినకుండా పోయింది విజయశ్రీ. బస్టాండు దాకా నేనూ నడిచాను. బస్సు ఎక్కుతూ, "నాకు తిట్టాలని లేదు పెద్దక్కా, అది నన్ను చూసి గుర్తుపట్టింది," అని ఏడ్చింది.

వాడు ఫోన్ చెయ్యనివ్వలేదంటే, వాడికి ఇంకా ఆశ ఉందన్నమాట. ఆ ఆశ నేనెట్లా తెంపుతాను?

మే 5, సోమవారం

గుట్ట.

మే 7, బుధవారం

ఇవాళ లేచి నిలబడింది. ఎవరూ లేపలేదు. ముందు కాళ్లు వణుకుతున్నా నిలబడింది. నేను చేతులు జోడించాను. నడిపయ్యను పిలిచాను. వాడు వచ్చి చూసి, "అవునక్కా, నిలబడ్డది," అన్నాడు. సంతోషంగా అనలేదు. అలసిపోయాడు పాపం.

కాసేపటికి మోకాళ్ల మీదికి వంగి, మూలిగి, పడుకుంది. గుర్రం మూలుగు నేనెప్పుడూ వినలేదు. మనిషి మూలుగులాగే ఉంది.

మే 9, శుక్రవారం

తింటలేదు. బెల్లం నాలుక మీద పెట్టినా బయటికి తోసింది.

మే 10, శనివారం

డాక్టరమ్మ వచ్చి చూసి పోయింది. నాతో ఏమీ అనలేదు. నడిపయ్యతో గేటు దగ్గర మాట్లాడింది. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి బండెక్కింది.

ఏమంది అని అడిగాను. "ఏం లేదక్కా, నీళ్లు తాపమన్నది," అన్నాడు.

మే 12, సోమవారం

గుట్ట మీద దీపం పెట్టి చాలాసేపు నోరు తెరవలేదు. నడిపించు స్వామీ అని ఇన్ని వారాలు అడిగాను. ఇవాళ ఆ మాట రాలేదు. తీసుకుపో అన్నాను. నేను ఇంటికి పోయేలోపు తీసుకుపో, నా నోటితో నన్ను అనిపించకు అన్నాను.

మెల్లగా దిగాను. సమయం ఇస్తున్నట్టు దిగాను. దారిలో రెండుచోట్ల కూర్చున్నాను.

వచ్చేసరికి బతికే ఉంది.

మే 13, మంగళవారం

రబ్బరు దిండ్లు మార్చేటప్పుడు నేను దీపం బుడ్డి పట్టుకున్నాను, కొట్టంలో చీకటిగా ఉందని. కుడి కాలి అరికాలు ముందు భాగం చిట్లింది. లోపల తెల్లగా కనిపించింది. డాక్టరమ్మ పుల్లతో గీసిన ఎముక అదే.

నడిపయ్య నేను చూశానో లేదో అని నా వైపు చూశాడు. నేను చూడనట్టు వత్తి సరిచేశాను. వాడు గబగబా గుడ్డ చుట్టాడు.

ఇద్దరం బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాం. ఎండ బాగా ఉందన్నాను. అవునన్నాడు.

మే 14, బుధవారం

పొద్దున దేవుడి ముందు కూర్చున్నాను. శ్లోకం మొదలుపెడితే ముందుకు పోలేదు. మొదటి మాటే మళ్లీ మళ్లీ వచ్చింది. లేచాను.

నడిపయ్య కొట్టంలో బిజిలి తల ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఈగలు తోలుతున్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఎప్పుడూ వాడు నిలబడే చోటు.

"తమ్మీ, డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి," అన్నాను. "ఇగ చాలు."

ఏడుస్తాడనుకున్నాను. నన్ను తిడతాడనుకున్నాను, ఇంకొన్ని రోజులు అక్కా అని బతిమాలతాడనుకున్నాను. వాటికి సమాధానాలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మంచిదక్కా," అన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు వెతకలేదు. మొదటిదే నొక్కాడు.

మే 15, గురువారం

డాక్టరమ్మ ఎనిమిదింటికే వచ్చింది. ఎండ ముదరకముందే అంది.

మొదట మత్తు సూది. బిజిలి తల బరువెక్కింది. కళ్లు సగం మూసుకుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి దాని నుదుటి మీద ముడతలు విడిపోయాయి. ముడతలు ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది నాకు. నొప్పికి ముఖం అట్లా ముడుచుకుని ఉందన్నమాట ఇన్ని రోజులూ. గుర్రం ముఖమే అంత అనుకున్నాను.

రెండో సూది మెడ నరంలోకి. నడిపయ్య దాని చెవిలో మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో వినలేదు. రామ రామ అనుకోబోయాను. అననివ్వలేదు ఏదో. ఊరికే దాన్ని పట్టుకున్నాను.

డాక్టరమ్మ గుండె దగ్గర గొట్టం పెట్టి విని, తల ఊపింది. అంతే. అంత త్వరగా అయిపోయింది.

లక్ష్మీనర్సయ్య తన చేను మూల ఇచ్చాడు. పసుపు తవ్విన భూమి, మెత్తగా ఉంది. జేసీబీతో గొయ్యి లోతుగా తీశారు. ఉప్పు బస్తాలు పోశారు, కుక్కలు తవ్వకుండా. లక్ష్మీనర్సయ్య తలపాగా తీసి పక్కన నిలబడ్డాడు. "నా మక్కలే దాని ప్రాణం తీసినయ్ నీలక్కా," అన్నాడు. కాదన్నాను. గట్టిగా అనలేకపోయాను గానీ కాదనే అన్నాను.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వాకిట్లోకి వచ్చింది. నీళ్లు పోస్తూ, "ముందుగాల్నే చెప్పకపోతిని తల్లీ. తమ్ముడు తట్టుకోలేడని ఆగిన," అన్నాను.

ఆమె చేతులు కడగడం ఆపింది.

"తమ్ముడా? తమ్ముడు మొదటి రోజే రమ్మన్నడమ్మా. నేను వచ్చిపోయిన సాయంత్రమే ఫోన్ చేసిండు, రేపు వచ్చి పని కానియ్యి మేడం అని. పొద్దుగాల మల్ల చేసి వద్దన్నడు. అక్క మొక్కుకున్నది, మొక్కు నడుమ నేనెట్ల అంట, అక్క నోట రానీ అన్నడు. తర్వాత గూడ ప్రతిసారి అడిగిన. అక్క ఇంకా అనలే మేడం అనుడే. మీకు తెల్వదా?"

చెంబులో నీళ్లు అయిపోయాయి. మళ్లీ ముంచడానికి పోయాను.

మే 16, శుక్రవారం

అడిగాను.

వాడు ఖాళీ కొట్టంలో ఇసుక ఎత్తుతున్నాడు. పార ఆపలేదు.

"డాక్టరమ్మతోని మొదటి రోజే చెప్పినవట."

"ఊ."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తనక్కా. చెప్పులు లేకుంట గుట్టెక్కుతున్నవ్. కాళ్లు బొబ్బలెక్కినయ్. గప్పుడు నేనొచ్చి, ఇగ అయిపోయింది సూది ఏద్దామంటే, నీ దేవుణ్ని నేను అబద్ధం చేసినట్టు గాదా? నువ్వే అంటవనుకున్న. ఒక సోమవారం పోతే అంటవనుకున్న. ఇంకో సోమవారం."

"నువ్వు ఓర్వలేవనుకున్నరా నేను."

పార ఆగింది.

"నేను అంకాపూర్ రోడ్డు మీదనే ఓర్సుకున్ననక్కా. అది కూసున్నప్పుడే."

తర్వాత మళ్లీ ఇసుక ఎత్తాడు. నేను తట్ట పట్టాను. ఇద్దరం మోసి రోడ్డు పక్కన పోశాం. ఇంకా తడిగా ఉంది ఇసుక, అది పడుకున్న చోట.

మే 17, శనివారం

ఏమీ లేదు.

మే 18, ఆదివారం

విజయశ్రీ ఫోన్ చేసింది. చెప్పాను. నడిపయ్య మొదటి రోజే అన్న సంగతి కూడా చెప్పాను. "నీ మీద భయమా వానికి?" అంది.

భయం కాదు. భయమైతే బాగుండేది. భయపెట్టినందుకు నన్ను నేను తిట్టుకునేదాన్ని. ప్రేమకు ఏం చేయాలి? వాడు నా కోసం ఆగాడు, నేను వాడి కోసం ఆగాను. ఏప్రిల్ ఇరవై ఒకటి నుంచి మే పదిహేను దాకా. నిలబడింది మాత్రం అది.

మే 19, సోమవారం

గుట్టకు పోలేదు. నడిపయ్య లేచి నన్ను వంటింట్లో చూసి, ముఖం కడుక్కోవడానికి పోయాడు.

జొన్న రొట్టెలు చేశాను. వాడు పీట వేసుకుని కూర్చున్నాడు. మొదటి రొట్టె అయిపోయింది.

"బ్యాండోళ్లు అడుగుతున్రు, మాళేగావ్ పోతవా ఈసారి అని," అన్నాడు.

"పోతవా?"

"ఏమో. మనసుల లేదు." రొట్టె తుంచి పప్పులో ముంచి, తినకుండా పట్టుకున్నాడు. "పోయి తెచ్చిన అనుకో అక్కా. దాని సంగతి నేనే చూస్కుంట. మంచైనా చెడ్డైనా. నిన్నడగ."

కోపంతో అనలేదు. మెల్లగా, నాకు నొప్పి తగలకుండా అన్నాడు. బిజిలి గిట్టలకు గుడ్డ చుట్టేటప్పుడు కూడా చెయ్యి అట్లాగే పెట్టేవాడు.

నాయనమ్మ, అమ్మ, తర్వాత నేను.

"సరేరా," అన్నాను. పెంక మీది రొట్టె తీసి వాడి పళ్లెంలో వేశాను. తిన్నాడు.